అందరికీ ఒకే దస్తర్‌ఖాన్

ఈదుల్ ఫిత్ర్ ఉదయాన షీర్ ఖుర్మాలో సేమియా, రమజాన్ సాయంత్రాలలో హలీమ్, ఇఫ్తార్ పళ్లెంలో సమోసా, వలీమా విందులో రుమాలీ రోటీ, చివరన డబుల్ కా మీఠా. మన కుటుంబాలలో ఆనందానికి, ఆతిథ్యానికి గుర్తుగా నిలిచిన వంటకాలను ఒకచోట రాసి చూస్తే చాలా వరకు గోధుమతోనో, గోధుమ నుండి తీసిన మైదాతోనో చేసినవే కనిపిస్తాయి. మా గొల్లపల్లి చుట్టుపక్కల పొలాలలో వరి, మక్క, పసుపు పండుతాయి. గోధుమ చేను మాత్రం మేము ఇక్కడ చూసి ఎరుగము. అయినప్పటికీ పండుగ నాడు గోధుమ లేని వంటిల్లు మా వీధిలో ఉండదు.

అటువంటి ఇంట్లో ఒక బిడ్డ జీవితాంతం గోధుమను ముట్టరాదని వైద్యులు తేల్చి చెబితే ఏమి చేయాలి? ఆ బిడ్డకు ఏమి వండి పెట్టాలన్న ప్రశ్నకు సమాధానం త్వరగానే దొరుకుతుంది. అందరితో కలిసి తినే భాగ్యాన్ని ఆ బిడ్డకు ఎట్లా నిలపాలన్న ప్రశ్నకు సమాధానం వెతకటానికి మా కుటుంబానికి చాలా కాలం పట్టింది. పాఠకుల ఇళ్లలో ఎవరికైనా ఉపయోగపడవచ్చునన్న ఆశతో ఆ అనుభవాన్ని ఇక్కడ వివరిస్తున్నాము.

రోగానికి పేరు దొరికిన తరువాత

మా కుమార్తె కూతురికి ఇప్పుడు తొమ్మిదేళ్లు. ఈ ప్రాంతంలోని ఎన్నో కుటుంబాల వలెనే మా అల్లుడు కూడా గల్ఫ్‌లో పని చేస్తున్నారు. తల్లీ పిల్లలూ మా వద్దనే ఉంటున్నారు. ఆరో ఏట నుండి ఆ బిడ్డకు తరచుగా కడుపునొప్పి, విరేచనాలు. ముఖం పాలిపోయింది. తోటి పిల్లలు ఎదుగుతూ ఉంటే, ఈమెకు రెండేళ్ల కిందట కుట్టించిన బట్టలు ఇంకా సరిపోతూనే ఉన్నాయి. రక్తం తక్కువగా ఉన్నదని ఐరన్ సిరప్ ఇచ్చారు. నులిపురుగుల మాత్రలు వేశారు. బంధువులు దిష్టి తగిలిందన్నారు. చివరకు హైదరాబాద్‌లో పిల్లల జీర్ణకోశ వ్యాధుల నిపుణుడు రక్తపరీక్ష చేయించారు. ఎండోస్కోపీ ద్వారా చిన్నపేగు నుండి చిన్న ముక్క తీసి పరీక్షించి, ఇది సీలియాక్ వ్యాధి అని నిర్ధారించారు.

గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో ఉండే జిగురు మాంసకృత్తును గ్లూటెన్ అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు జిగురు అనే అర్థం. చపాతీ పిండి సాగటానికి, డబల్ రొట్టె పొంగటానికి అదే కారణం. సీలియాక్ ఉన్నవారి కడుపులోకి గ్లూటెన్ చేరగానే శరీర రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదనే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపలి గోడపై మఖ్మల్ బట్ట మీది నూగు వలె సూక్ష్మమైన వేళ్ల వంటివి ఉంటాయి. ఆహారంలోని సారాన్ని, ఇనుమును, కాల్షియంను గ్రహించేవి అవే. దాడి సాగేకొద్దీ అవి అరిగి చదునవుతాయి. అందువల్ల బిడ్డ తింటూనే ఉంటుంది, చిక్కిపోతూనే ఉంటుంది. ఇది అంటువ్యాధి కాదు. పుట్టుకతో వచ్చే జన్యు లక్షణం ఉన్నవారిలో కొందరికి మాత్రమే వస్తుంది. ఆ ధాన్యాలను పూర్తిగా మానటమే దీనికి చికిత్స. మానివేస్తే పేగు తిరిగి కోలుకుంటుంది.

ఈ సంగతి లోకానికి తెలిసిన తీరు కూడా ఆలోచింపజేసేదే. నెదర్లాండ్స్ దేశంలో విలెం డికె అనే పిల్లల వైద్యునికి రెండవ ప్రపంచ యుద్ధానికి ముందు నుండే గోధుమ మీద అనుమానం ఉండేది. 1944-45 శీతాకాలంలో ఆ దేశంలో తీవ్రమైన కరవు వచ్చి రొట్టె దొరకకుండా పోయింది. ఊరంతా ఆకలితో అలమటిస్తున్న ఆ రోజులలో, ఈ వ్యాధి ఉన్న పిల్లలు మాత్రం తేరుకోసాగారు. కరవు తీరి రొట్టె తిరిగి రాగానే వారు మళ్లీ జబ్బుపడ్డారు. డికె తన పరిశోధనను 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు. అందరికీ బలమిచ్చే రొట్టె కొందరికి హాని చేయగలదని ఆ విధంగా రుజువైంది.

మన దక్షిణాదిన ఈ వ్యాధి అరుదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తర భారత ప్రాంతంలో వెయ్యి మందికి ఎనిమిది మందికి పైగా ఈ వ్యాధి కనిపించగా, దక్షిణాన పదివేల మందికి ఒకరి చొప్పున మాత్రమే కనిపించింది. అరుదు కనుకనే ఇక్కడ ఎవరికీ త్వరగా అనుమానం రాదు. ఒక హెచ్చరిక చేయటం మా బాధ్యత. అనుమానం వచ్చినంత మాత్రాన ఇంట్లో వారే గోధుమను మాన్పించరాదు. మానివేసిన తరువాత చేసే పరీక్షలలో వ్యాధి బయటపడకపోవచ్చు. ముందు పరీక్ష జరగాలి. ఆ తరువాతనే పథ్యం మొదలు కావాలి.

కనిపించని గోధుమ

చపాతీలు, బిస్కెట్లు, బ్రెడ్డు మానటం తేలికే. కంటికి కనిపించని గోధుమతోనే చిక్కు. సేమియా, సూజీ రవ్వ రెండూ గోధుమవే. కూరలో వేసే ఇంగువ పొడిలో గోధుమపిండి కలిపే అలవాటు ఉన్నది కనుక డబ్బా మీది వివరాలు చదవకుండా కొనరాదు. ఒకే నూనెలో సమోసాలు వేయించి, ఆ తరువాత బియ్యప్పిండి వడలు వేయిస్తే ఆ వడలు కూడా పనికిరావు. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం, గ్లూటెన్ లేనిదని ముద్రించిన పదార్థంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. అంటే పిండి ఎగిరి పడినంత మాత్రం కూడా లెక్కలోకి వస్తుందన్న మాట. "ఒక్క ముక్కతో ఏమవుతుంది?" అనే ప్రేమపూర్వకమైన ప్రశ్నకు ఆ అంకెయే సమాధానం.

గిర్ని సంగతి మరీ ముఖ్యం. జొన్నలు స్వచ్ఛమైనవే కావచ్చు. కానీ గోధుమలు ఆడిన గిర్నిలో వెంటనే జొన్నలు పోస్తే, రాళ్ల మధ్య మిగిలిన గోధుమపిండి అంతా జొన్నపిండిలోకి దిగుతుంది. అందుచేత మా ఇంట్లో జొన్నలను ఏరి, కడిగి, మేడ మీద ఆరబెట్టి, మిక్సీలోనే పట్టి, పలుచని బట్టలో జల్లిస్తున్నాము. ఏరే పని, జల్లించే పని మా వంతు. మద్రసా నుండి వచ్చిన తరువాత అసర్, మగ్రిబ్ నమాజుల మధ్య ఆ పని చేసుకుంటాము. పాఠాలు చెప్పే చేతులకు జల్లెడ పట్టటం నామోషీ కాదు.

తల్‌బీనా గురించి కూడా ఒక మాట చెప్పాలి. బార్లీ పిండితో కాచే ఆ జావ రోగి మనసుకు ఊరటనిస్తుందని దైవప్రవక్త (సఅసం) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం మనందరికీ తెలిసినదే. మా మనవరాలు నీరసంగా ఉన్నదని విన్న ప్రతి బంధువూ ముందుగా తల్‌బీనానే సూచించారు. వారి ప్రేమలో లోపం లేదు. అయితే బార్లీలోనూ గ్లూటెన్ ఉన్నది కనుక ఈ ఒక్క రోగానికి అది తగదు. ఒక మేలైన ఆహారం ఒక ప్రత్యేక రోగికి సరిపడకపోవటం వల్ల ఆ ఉల్లేఖన గౌరవానికి ఏ లోటూ రాదు. తేనె మేలైనదే అయినా, మధుమేహ రోగి దానిని కొలిచి తీసుకోవటం లేదా?

మరోవైపు, మేము వెతకకుండానే ఎదురైన మేళ్లు ఉన్నాయి. సంక్రాంతికి పొరుగింటి అమ్మ తెచ్చి ఇచ్చే సకినాలు బియ్యప్పిండి, నువ్వులు, వాముతో చేసినవి. అరిసెలు బియ్యప్పిండి, బెల్లంతో చేసినవి. ఏ నూనెలో వేయించారో, గరిజెలకు మైదా ఎక్కడ కలిపారో అడిగితే ఆమె నొచ్చుకోలేదు. మరుసటి సంవత్సరం నుండి సకినాలను ముందుగా, కొత్త నూనెలో వేయించి, మా మనవరాలి వాటాను వేరుగా మూటకట్టి, "ఇవి బిడ్డవి, మౌల్వీ సాబ్" అని చెప్పి మరీ ఇస్తున్నారు. పొరుగువారి హక్కుల గురించి ఏళ్ల తరబడి పాఠం చెబుతున్న మాకు, ఆ మూట చూసినప్పుడు మా పాఠానికి ఉదాహరణ దొరికిందనిపించింది.

దస్తర్‌ఖాన్ మీద చోటు

గత సంవత్సరం షాబాన్ నెలలో బంధువుల ఇంట ఒక బిస్మిల్లాహ్ వేడుక జరిగింది. పిల్లలందరి ముందు సమోసాలు, కేకు ముక్కలు పెట్టారు. మా మనవరాలు తన పళ్లాన్ని పక్కకు జరిపి, "నాకు రోజా" అన్నది. ఆ ఇంటి పెద్దావిడ మురిసిపోయి, ఎనిమిదేళ్ల పిల్ల నఫిల్ ఉపవాసం ఉన్నదని పదిమందికీ చెప్పి మెచ్చుకున్నారు. ఆ ఉదయం ఆమె మా ఎదుటనే అన్నం తిన్నదని మాకు తెలుసు. ఇంటికి వచ్చిన తరువాత నెమ్మదిగా అడిగాము. "రోజా అంటే మళ్లీ ఎవరూ అడగరు, నానా" అని తల దించుకున్నది.

అబద్ధం ఆడరాదని చెప్పటం మా విధి, చెప్పాము. అయితే ఒక బిడ్డ తన రోగాన్ని దాచుకోవటానికి ఆరాధన చాటున నిలబడవలసి వచ్చిందంటే, ముందుగా సరిదిద్దవలసినది పెద్దలు పరిచే దస్తర్‌ఖాన్‌నే. ప్రతి విందులో ఆ బిడ్డ ఏమని చెప్పాలి? తన పేగుల గురించి కొత్తవారికి ఎన్నిసార్లు వివరించాలి? పథ్యం కన్నా ఈ వివరణే ఆమెకు భారంగా మారింది.

ఆ రోజులలోనే మద్రసాలో సూరె అన్ నూర్ పాఠం నడుస్తున్నది. 61వ వాక్యంలో అంధుడు, కుంటివాడు, రోగి ప్రస్తావన, ఆ వెంటనే తండ్రుల, తల్లుల, సోదరుల, మామల, మిత్రుల ఇళ్లలో భోజనం చేసే ప్రస్తావన వస్తాయి. కలిసి తిన్నా విడిగా తిన్నా దోషం లేదన్న అనుమతి కూడా అక్కడనే ఉన్నది. తిండి విషయంలో రోగి మాట ఎందుకు వచ్చిందని ఒక విద్యార్థి అడిగాడు. వ్యాఖ్యాతలు పేర్కొన్న కారణాలలో ఒకటి ఇది: పూర్వం మదీనా వాసులు అంధులతో, వికలాంగులతో, రోగులతో కలిసి భోజనం చేయటానికి సంకోచించేవారు. ఆ సంకోచాన్ని ఈ వాక్యం తొలగించింది. ఈ వివరణను మేము ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నాము. ఈసారి చెబుతున్నప్పుడు మా కళ్ల ముందు పక్కకు జరిపిన ఒక చిన్న పళ్లెం కదలాడింది.

హదీసు గ్రంథాలలో మరొక సంఘటన ఉన్నది. హజ్రత్ మైమూనా (రజి) ఇంట వండిన ఉడుము మాంసాన్ని దైవప్రవక్త (సఅసం) తినలేదు. అది నిషిద్ధమేమీ కాదని, తమకు అలవాటు లేనిదని చెప్పారు. అదే దస్తర్‌ఖాన్ మీద హజ్రత్ ఖాలిద్ బిన్ వలీద్ (రజి) దానిని తిన్నారు. తినని వారిని ఎవరూ బలవంతపెట్టలేదు, తిన్నవారిని ఎవరూ తప్పుపట్టలేదు. వడ్డించిన దానిని తినకపోతే ఆతిథ్యాన్ని అవమానించినట్లే భావించే మన బంధువర్గాలు ఈ సంఘటనను మరొకసారి చదువుకోవాలి.

జొన్నపిండి బ్రౌనీ

బిడ్డకు విడిగా ఒక గిన్నెలో వండి పెట్టటం మా ఇంట్లో మొదటి నుండీ జరుగుతున్నదే. ఆ గిన్నె ఆమె కడుపు నింపింది కానీ ఆమెను మిగతావారి నుండి వేరు చేసింది. అందువల్ల ఆమె తినదగినదీ, మిగతా పిల్లలు ఇష్టపడి అడిగి తినేదీ అయిన ఒక మిఠాయి కావాలని నిశ్చయించుకున్నాము. పిల్లలను అడిగితే అందరూ ఒక్క మాటగా చాక్లెట్ బ్రౌనీ అన్నారు.

బ్రౌనీ అమెరికాలో పుట్టినది. 1893 నాటి చికాగో ప్రపంచ ప్రదర్శన కోసం అక్కడి పామర్ హౌస్ హోటల్లో దీనిని తయారు చేశారని చెబుతారు. పేరు పరాయిదే కానీ సరుకు మనకు దూరమైనది కాదు. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నడుమ కోకో పండుతున్నది. జొన్న అయితే తెలంగాణ పాత అన్నమే. రొట్టెగా, గట్కగా, అంబలిగా మా అమ్మమ్మల కాలమంతా దానితోనే గడిచింది. భారతదేశం ప్రతిపాదన మీద ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న మీద పరిశోధించే జాతీయ సంస్థ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనే ఉన్నది.

జొన్నలో గ్లూటెన్ లేదు కనుక ఆ పిండి సాగదు. మా ఇంటివారు జొన్నరొట్టెకు మరిగిన నీళ్లు పోసి పిండి కలుపుతారు. వేడికి పిండిలోని గంజి చిక్కబడి జిగురు స్థానాన్ని భర్తీ చేస్తుంది. ఆ తరువాత చేత్తో తట్టుతూ రొట్టెను పెంచుతారు. గ్లూటెన్ అనే మాట వినకుండానే మన స్త్రీలు అది లేని పిండితో మెలగటం నేర్చుకున్నారు. బ్రౌనీకి ఆ జిగురు అవసరం ఇంకా తక్కువ. కేకు వలె అది పొంగనక్కరలేదు. గుడ్లు, కరిగిన చాక్లెట్, వెన్న కలిసి దానిని పట్టి ఉంచుతాయి. అందుకే గోధుమ లేని లోటు బ్రౌనీలో దాదాపు తెలియదు.

మా ఇంట్లో స్థిరపడిన కొలతలు ఇవి: ముదురు చాక్లెట్ 150 గ్రాములు, వెన్న 100 గ్రాములు, చక్కెర 150 గ్రాములు, గుడ్లు 3, మెత్తని జొన్నపిండి 70 గ్రాములు, కోకో పొడి 25 గ్రాములు, చిటికెడు ఉప్పు, నాలుగు ఏలకుల పొడి, ఇష్టమైతే గుప్పెడు అక్రోట్ లేదా జీడిపప్పు పలుకులు. వెనిలా సారాన్ని ఆల్కహాల్‌లో తీసే పద్ధతి ఉన్నది కనుక మేము దానిని వాడము. ఏలకుల వాసన మన పిల్లలకు మరింత పరిచయమైనది. చాక్లెట్, కోకోల మీద గోధుమ ప్రస్తావన లేదని చదివి కొనాలి.

చాక్లెట్, వెన్నలను గిన్నెలో వేసి, వేడి నీళ్ల గిన్నె మీద ఉంచి కరిగించాలి. నేరుగా మంట మీద పెడితే చాక్లెట్ మాడుతుంది. గుడ్లు, చక్కెరలను తెల్లబడి చిక్కబడే వరకు నాలుగైదు నిమిషాలు గిలకొట్టాలి. బ్రౌనీ పైన పలుచని పగుళ్ల పొర ఏర్పడటానికి ఈ గిలకొట్టటమే కారణం. గోరువెచ్చగా చల్లారిన చాక్లెట్‌ను అందులో కలిపి, జొన్నపిండి, కోకో, ఉప్పు, ఏలకుల పొడిని జల్లించి మెల్లగా కలియబెట్టాలి. తరువాత 20 నిమిషాలు కదిలించకుండా ఉంచాలి. జొన్నపిండి తేమను నెమ్మదిగా పీల్చుకుంటుంది. ఈ విరామం లేకపోతే నోటికి రవ్వరవ్వగా తగులుతుంది.

ఎనిమిది అంగుళాల చదరపు గిన్నెలో వెన్న కాగితం పరచి ఈ మిశ్రమాన్ని పోసి, ఓవెన్ ఉన్నవారు 175 డిగ్రీల వేడిలో సుమారు 25 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేని ఇళ్లలో, మా ఇంట్లో వలె, పెద్ద కుక్కర్ సరిపోతుంది. దానిలో పట్టే గుండ్రని గిన్నె తీసుకోవాలి. కుక్కర్ అడుగున ఉప్పు పరచి, స్టాండు పెట్టి, రబ్బరు, విజిల్ తీసివేసి, పది నిమిషాలు వేడెక్కించి, గిన్నెను దించి, సన్నని మంట మీద 35 నుండి 45 నిమిషాలు ఉంచాలి. పుల్ల గుచ్చితే తడి పిండి కాకుండా తేమగల పొడి అంటుకోవాలి. పూర్తిగా చల్లారిన తరువాతనే కోయాలి. పట్టి ఉంచే జిగురు లేదు కనుక వేడిగా కోస్తే పొడి అవుతుంది. పదహారు ముక్కలు వస్తాయి.

ఈ రమజాన్ తరువాతి పండుగ నాడు మా ఇంటికి వచ్చిన పిల్లలకు ఈ బ్రౌనీ, బియ్యం సేమియాతో చేసిన షీర్ ఖుర్మా మాత్రమే పెట్టాము. ఇది ఎవరి కోసమని ప్రత్యేకంగా చేశామో ఎవరికీ చెప్పలేదు. పళ్లెం పట్టుకుని పంచినది మా మనవరాలే. చివరి ముక్క కోసం ఇద్దరు అబ్బాయిలు వాదులాడుకుంటే, దానిని మూడు భాగాలు చేసి ఒకటి తాను తీసుకున్నది. ఆ ఉదయం ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఎవరికీ ఏమీ వివరించవలసిన అవసరం రాలేదు.

పాఠక కుటుంబాలకు విన్నపం

వలీమా, అఖీఖా, ఇఫ్తార్ ఏదైనా కావచ్చు. పిలిచే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మీ ఇంట్లో ఎవరికైనా పడని ఆహారం ఉన్నదా?" అవునంటే ఒక్క వంటకమైనా వారితో సహా అందరూ తినగలిగేలా చేయండి. బగారా అన్నం, మాంసం కూర చాలు, గరిట మార్చకుండా ఉంటే చాలు. దానిని వేరే బల్ల మీద పెట్టకుండా నడుమ పెట్టండి. అతిథి వద్దన్నప్పుడు రెండోసారి కారణం అడగకండి. మద్రసా నిర్వాహకులు, ముఖ్యంగా పిల్లలు ఉండి చదువుకునే చోట్ల, విద్యార్థిని చేర్చుకునే కాగితంలో ఈ ప్రశ్నకు ఒక గీత కేటాయించాలి. మా మద్రసాలో ఈ సంవత్సరం కేటాయించాము. ఒక విద్యార్థికి వేరుశనగ పడదన్న సంగతి ఆ గీత వల్లనే మాకు తెలిసింది.

ఇటువంటి బిడ్డ ఉన్న తల్లులకు మరొక మాట. మీ బిడ్డ తిండి విషయంలో మీరు పదేపదే అడగటం, డబ్బా మీది చిన్న అక్షరాలు చదవటం, గరిటె కడిగించటం చాదస్తం కాదు. ఆ ప్రాణం మీకు అల్లాహ్ అప్పగించిన అమానతు, దానిని కాపాడే పనిలో మీరు ఉన్నారు. మొహమాటపడకండి. రోగులందరికీ ఆరోగ్యాన్ని, వారితో కూర్చుని తినే వారికి విశాలమైన మనసును అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.